నాడి కదం తప్పితే...



ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణని మన అసోసియేషన్ వారు నన్ను గుండె గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గుండెపోటు గురించి మీరు చాలానే విని ఉంటారు. నేను గుండె లయ గురించి చెబుతాను.

పరేడ్‌లో ఉస్తాద్ ఒక్కడే కమాండ్ ఇస్తాడు, స్క్వాడ్ అంతా కదం కలుపుతుంది. గుండెలో ఆ ఉస్తాద్ పేరు సైనస్ నోడ్. విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు కమాండ్ ఇస్తుంది. ఈ.సి.జి.లో చిన్న గుట్టలా కనిపించే 'పి' అల, పై గదులకు అందిన కమాండ్. వెంటనే నిటారుగా లేచే ముల్లు 'క్యు.ఆర్.ఎస్.', కింది గదులకు అందినది. లయ సరిగా ఉంటే రెండు ముళ్ళ మధ్య పెద్ద గడులు లెక్కపెట్టి, 300ని ఆ సంఖ్యతో భాగించండి. 4 గడులైతే వేగం 75.

వయసు పైబడినవారిలో తరచుగా చూసే లయ దోషం ఏట్రియల్ ఫిబ్రిలేషన్. పై గదుల్లో వందమంది ఒకేసారి కమాండ్ ఇచ్చినట్టుంటుంది. ఈ.సి.జి.లో 'పి' అల మాయమవుతుంది, గీత సన్నగా వణుకుతుంది, ముళ్ళ మధ్య దూరం ఒక పద్ధతిగా ఉండదు. పై గదిలో రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతమే. ఆ ముప్పు సుమారు 5 రెట్లు. కొందరికి దడ కూడా తెలియదు. డాక్టరు రక్తం గడ్డకట్టకుండా మందు రాసిస్తే సొంతంగా మానకండి.

అప్పుడప్పుడు ఒక ముల్లు ముందే వచ్చి, కాస్త విరామం కనిపిస్తే అది ఎక్టోపిక్ బీట్. ఆరోగ్యవంతుల్లోనూ ఉంటుంది. వెడల్పాటి ముళ్ళు వరుసగా, వేగంగా వస్తే మాత్రం అత్యవసరం. ఇంకో మాట, మామూలు ఈ.సి.జి. చూసేది 10 సెకన్లే. అది బాగుందంటే దడ అబద్ధమని కాదు. అవసరమైతే 24 గంటల హోల్టర్ పెడతారు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ప్రత్యేకంగా చెబుతున్నాను. లో మెడికల్ కేటగిరీకి భయపడి దడను దాచిపెట్టినవాళ్ళను చూశాను. కేటగిరీ మళ్ళీ అప్‌గ్రేడ్ కావచ్చు. పక్షవాతంతో పడిపోయిన చెయ్యి మునుపటిలా లేస్తుందన్న భరోసా లేదు.

రోజూ ఒక నిమిషం నాడి పట్టి చూసుకోండి. కదం తప్పుతుంటే డాక్టరుకు చూపించండి. పాత ఈ.సి.జి.లు ఫైల్లో దాచండి. దడతో స్పృహ తప్పినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి.

జై హింద్.