అందరం వెళ్లగలిగినంత ఎత్తు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మా 1984 పదో తరగతి బ్యాచ్ మోటారు సైకిళ్ల యాత్ర గురించి రెండు మాటలు చెబుతాను. యాత్ర ఇంకా జరగలేదు. ప్లాను వేయడానికే పది నెలలు పట్టింది.

"లద్దాఖ్‌లో పూగా లోయ ఉందట. అగ్నిపర్వతం, వేడినీటి బుగ్గలు! బుల్లెట్ల మీద పోదాం" అని ఒకడు వాట్సాప్‌లో పెట్టాడు. పదకొండు మందిమి సై అన్నాం. మా సోషల్ మాస్టారు చూసి ఉంటే బెంచీ ఎక్కించేవారు. మన దేశంలో రగిలే అగ్నిపర్వతం అండమాన్‌లోని బారెన్ దీవి ఒక్కటే. అక్కడికి బండి మీద పోలేం. పూగాలో పొంగేది, భారత ఫలకం ఆసియాను నెట్టే చోట భూమి లోతున ఉన్న వేడికి కాగిన నీరు.

తర్వాత లెక్కలు వేశాం. లేహ్ 3,500 మీటర్ల ఎత్తు. పూగా సుమారు 4,400. లేహ్‌లో దిగాక గాలి అలవాటయ్యేదాకా రెండు మూడు రోజులు ఊరికే కూర్చోవాలి. పెట్రోలు డబ్బాల్లో మోసుకుపోవాలి. అంత ఎత్తులో నీళ్లు 85 డిగ్రీలకే మరుగుతాయి. ఎత్తు పెరిగితే మరుగు స్థానం తగ్గుతుందని ఫిజిక్స్ మాస్టారు చెప్పినప్పుడు నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

అంతలో మాలో ఒకడు రాశాడు: "నాకు స్టెంట్లు వేశారు కదరా, అంత ఎత్తు వద్దన్నాడు డాక్టరు. మీరు వెళ్లి రండి, ఫొటోలు పెట్టండి."

వాడెవడో మీకందరికీ తెలుసు. బడి గేటు ముందు సైకిళ్లకు పంక్చర్లు వేసిన వాడే. తొమ్మిదో తరగతిలో అహోబిలం కొండెక్కుతూ నేను కూలబడితే, నా సంచీ తన భుజాన వేసుకున్నదీ వాడే. ఆ రోజు డ్రిల్లు మాస్టారు నన్ను వరుసకు ముందు నిలబెట్టి, "వీడు ఎంత నడిస్తే అందరూ అంతే" అన్నారు.

నిజం చెబుతున్నాను, వాడి మెసేజీకి నేను ఒక దండం బొమ్మ పెట్టి ఊరుకున్నాను. అప్పటికే జాకెట్ కొన్నాను మరి. మా ఆవిడే అడిగింది: "ఆయన రాకపోతే మీ బండికి పంక్చరు ఎవరు వేస్తారండీ?" ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు పూగా మానేద్దామన్నాను. ఇద్దరు అలిగారు. నెల రోజులు గ్రూపు మూగబోయింది. చివరికి హిమాచల్‌లోని మణికరణ్ తేలింది. ఎత్తు 1,760 మీటర్లు, పార్వతీ నది ఒడ్డు. అక్కడా బుగ్గలు సలసల కాగుతుంటాయి. గురుద్వారాలో లంగరుకు ఆ నీటి వేడితోనే వంట చేస్తారు. మావాడి డాక్టరు రిపోర్టులు చూసి సరే అన్నాడు, బండి నడపకుండా వెనక కూర్చోవాలని షరతు పెట్టి.

వానల్లో కొండచరియలు విరుగుతాయి కాబట్టి అక్టోబరులో బయలుదేరుతున్నాం. చండీగఢ్ దాకా రైలు, అక్కడ అద్దె బండ్లు. చీకటి పడ్డాక ప్రయాణం లేదు. గంటకోసారి ఆగుతాం. అందరికంటే మెల్లగా నడిపే బండి ముందు ఉంటుంది. అది నాదే. వెనక సీట్లో వాడు, వాడి ఒళ్లో పంక్చరు సామాను.

అలిగిన ఇద్దరూ మొన్న టిక్కెట్లు తీశారు. డ్రిల్లు మాస్టారూ, మీరు ఇక్కడే ఉన్నారు. మమ్మల్ని ఆశీర్వదించి పంపండి.