చలరాశికి పేరు, తావు, తొలి విలువ



బాలవ్యాకరణము తెరచినవారికి మొట్టమొదట కనబడునది సంజ్ఞాపరిచ్ఛేదము. ద్రుతమనగా నేమో, కళలనగా నేమో అచ్చట తెలిపిన పిమ్మటనే చిన్నయసూరి సంధికార్యములకు పూనుకొనెను. పేరు స్థిరపడనిదే కార్యము సాగదు గదా! కంప్యూటరునకు పని చెప్పు భాషలలోను ఇట్టి సంజ్ఞాప్రకరణ మొకటి కలదు. దానికే చలరాశుల ప్రకటనమని పేరు.

ఈ చలరాశి బీజగణితములోని అజ్ఞాతరాశి వంటిది కాదు. యంత్రపు మెమొరీలో ఒక అర. ఆ అరకొక పేరు. అందులో ఎప్పటికప్పుడు మారెడి విలువ. ‘మొత్తము = మొత్తము + 5’ అని వ్రాసినచో బీజగణితజ్ఞుడు నవ్వును. యంత్రమునకు మాత్రము అది సమీకరణము గాదు, ఆజ్ఞ. అరలోనున్న దానికి అయిదు చేర్చి, వచ్చినదానిని మరల ఆ అరలోనే పెట్టుమని దాని భావము.

ప్రకటనమునందు తెలుపవలసినవి పేరును, జాతియును. పూర్ణాంకమా, దశాంశములు గల సంఖ్యయా, అక్షరములా యనునది జాతి. ఎంత తావు కేటాయింపవలెనో దానినిబట్టి తేలును. ఈ తావు విషయమున లోభము తగదు. 1960లో వెలువడిన కోబాల్ భాషలో వర్తకపు లెక్కలు వ్రాసినవారు పలువురు సంవత్సరమునకు రెండంకెల తావే ప్రకటించిరి. 99 పిమ్మట 00 వచ్చినపుడు యంత్రము దానిని 1900 అని తలచు ప్రమాదమేర్పడెను. ఆ లెక్కలు దిద్దుటకు 1990ల చివర తెలుగు యువకులు పెక్కుమంది అమెరికాకు పోయిరి.

అసలు చిక్కు వేరొకటి కలదు. ప్రకటించుట వేరు, తొలి విలువ నిచ్చుట వేరు. డెన్నిస్ రిచీ 1970ల తొలినాళ్లలో బెల్ ప్రయోగశాలలో రూపొందించిన సీ భాషనే చూడుడు. అందు ప్రమేయమను పనిఖండము లోపల ‘ఇంట్ మొత్తము’ అని ఊరక ప్రకటించినచో తావు దొరకును గాని, తుడిచిన తావు దొరకదు. అంతకుముందు అచ్చట జరిగిన లెక్క యొక్క శేషమే అందుండవచ్చును. పాత ఖాతాపుస్తకములో ఒక పుట తీసి, క్రొత్త రైతు పేరు వ్రాసి, వెనుకటి రైతు బాకీని కొట్టివేయకుండుట వంటిది. 12, 8, 15 రూపాయలు కూడినచో 35 రావలెను. అరలో వెనుకటి 4106 మిగిలియున్నచో 4141 వచ్చును. కూడిక తప్పలేదు, తప్పినది ప్రారంభపు నిల్వ. ఇంతకన్న కీడేమనగా, నేడు దైవికముగా అచ్చట సున్నయే యుండి లెక్క సరిపోవచ్చును. పరీక్షించినవారు మెచ్చుకొందురు. రేపు పింఛనుల పట్టిక తీయునాడు తప్పు బయటపడును. చేతికి తక్కువ వచ్చిన ముదుసలి ఆ తప్పు ఎచ్చట పుట్టినదని ఎవరి నడుగును?

‘ఇంట్ మొత్తము = 0’ అని వ్రాసినచో ఈ బాధ లేదు. ప్రమేయముల వెలుపల ప్రకటించినవానికి సీ భాష తానే సున్న పెట్టును. లోపలివానికి పెట్టదు. క్రొత్తగా నేర్చువారు మోసపోవునది ఇచ్చటనే.

అట్లని అన్నిటికిని సున్న తగదు. గుణకారమును 0తో ఆరంభించినచో ఎన్నిటితో గుణించినను ఫలము సున్నయే; అచ్చట 1 ఉండవలెను. గ్రామమందలి కమతములలో అతి చిన్నదానిని వెదకునపుడు 0తో మొదలిడినచో ఏ కమతమును దానికన్న చిన్నది కాజాలదు. మొదటి కమతపు విస్తీర్ణమునే తొలి విలువగా గ్రహింపవలెను. చేయబోవు పని తెలియనివాడు తొలి విలువ నీయలేడు.

1957 నాటి ఫోర్ట్రానులో ప్రకటనమే అక్కరలేకుండెను. ఐ మొదలు ఎన్ వరకు గల ఆంగ్లాక్షరములతో పేరు మొదలైనచో పూర్ణాంకము, తక్కినవి దశాంశసంఖ్యలు. సౌకర్యమే! కాని పేరులో ఒక అక్షరము జారినను యంత్రము మందలింపదు, వేరొక చలరాశి పుట్టినదనుకొనును. ఫోర్ట్రాన్ 90లో, కోరినవారికి, ప్రతి పేరును ప్రకటించి తీరవలెనను కట్టడి చేర్చిరి. 1991లో వచ్చిన పైథానులో తొలి విలువ నిచ్చుటయే చలరాశికి పుట్టుక. 1995 నాటి జావా మరింత కఠినము. ప్రమేయము లోపలి చలరాశికి విలువ ఈయకమునుపే వాడినచో, ఆ ప్రోగ్రామును అనువదించుటకే అది నిరాకరించును. సీ భాషకు నేడున్న అనువాదకములును, అడిగినచో, ఇట్టి తావులను చాలవరకు చూపి హెచ్చరించును. ఆ హెచ్చరికను చదువకయే ముందునకు సాగువారును కలరు.