పొదుపు పంచుకునే ముందు: డబ్బు గురించి నాలుగు మాటలు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు ప్రసంగ పాఠం)



నేను చదివింది పదో తరగతి. సంఘం పుస్తకాలు రాస్తూ, బ్యాంకుకు తిరుగుతూ డబ్బు ఎలా నడుస్తుందో కొంత తెలుసుకున్నాను. ఈ మధ్య చాలా సంఘాల్లో ఒక మాట వినబడుతోంది. "ఇన్నేళ్ళు పొదుపు కట్టాం, నిధి పెరిగింది, ఇక ఎవరి డబ్బు వాళ్ళం పంచుకుందాం" అని. మా సంఘంలో కూడా ఈ మాట వచ్చింది. తీర్మానం రాసే ముందు అసలు డబ్బు అంటే ఏమిటో ఆలోచిద్దామని ఈ విషయం తీసుకున్నాను.

ఒక వంద నోటు చేతిలో పట్టుకుని చూడండి. తినడానికి పనికిరాదు, కట్టుకోవడానికి పనికిరాదు. మరి దుకాణంలో ఇస్తే బియ్యం ఎందుకు ఇస్తున్నారు? ఆ నోటు తాను ఇంకొకరికి ఇస్తే వాళ్ళూ తీసుకుంటారని దుకాణదారుకు నమ్మకం. నోటు మీద రిజర్వు బ్యాంకు గవర్నరు గారి సంతకం ఉంటుంది, ఇంత సొమ్ము చెల్లిస్తానని మాట ఉంటుంది. ఆ మాట మీద అందరికీ నమ్మకం ఉన్నంత వరకే ఆ కాగితానికి విలువ.

2016 నవంబరు 8 మీకు గుర్తుండే ఉంటుంది. ఆ అర్ధరాత్రి నుంచి 500, 1000 నోట్లు చెల్లవన్నారు. పోపుల డబ్బాలో, బియ్యం డ్రమ్ములో ఇంట్లోవాళ్ళకు తెలియకుండా మన ఆడవాళ్ళు దాచుకున్న నోట్లు తెల్లారేసరికి దుకాణంలో చెల్లలేదు. నోటు అదే, రంగు అదే, కానీ దాని వెనక ఉన్న మాట పోయింది. గడువులోగా బ్యాంకులో కట్టుకున్న వాళ్ళకే విలువ దక్కింది.

మన అమ్మమ్మల కాలంలో కమ్మరికి, కుమ్మరికి, వడ్రంగికి కళ్ళంలో గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళు. గింజలు పుచ్చిపోతాయి, మోసుకెళ్ళడం కష్టం, కుండకు ఎన్ని గింజలో ప్రతిసారీ తేల్చుకోవాలి. డబ్బుతో ఆ తిప్పలు తగ్గాయి. డబ్బు మూడు పనులు చేస్తుంది. దేని ధర ఎంతో కొలుస్తుంది. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి సరుకు మారేలా చేస్తుంది. ఇవాళ సంపాదించింది రేపటికి దాచి పెడుతుంది.

ఈ మూడో పనిలోనే చిక్కుంది. దాచిన డబ్బు అంకె మారదు గానీ దాని బలం తగ్గుతుంది. పావలా బిళ్ళనే చూడండి. ఒకప్పుడు దానితో పిల్లలు చిరుతిండి కొనుక్కునేవాళ్ళు. 2011 జూన్ 30 తర్వాత అది చెల్లుబాటు కాకుండా పోయింది. అప్పటికే దానితో కొనడానికి ఏమీ మిగల్లేదు. డబ్బాలో దాచిన సొమ్ముకు జరిగేది కూడా అదే, కాకపోతే నెమ్మదిగా జరుగుతుంది.

"ప్రభుత్వం నోట్లు ఎక్కువ ముద్రించి అందరికీ ఇస్తే పోలేదా?" అని ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. మన ఊళ్ళో రోజుకు వంద లీటర్ల పాలే ఉన్నాయనుకుందాం. అందరి చేతిలో డబ్బు రెట్టింపైతే పాలు రెట్టింపు అవవు కదా. పాల ధర పెరుగుతుంది. గేదెలు పెరిగి, పాలు పెరిగి, వాటితో పాటు డబ్బు పెరిగితేనే మనకు లాభం.

ఇప్పుడు బ్యాంకు సంగతి. సంఘానికి ఐదు లక్షల లింకేజీ ఇచ్చినప్పుడు మేనేజరు గారు నోట్ల కట్టలు తెచ్చి మన ముందు పెట్టరు. మన ఖాతాలో ఐదు లక్షలు అని అంకె వేస్తారు. ఒక పక్క అది మన బాకీ, ఇంకో పక్క మన జమ. ఆ అంకెతో గేదెను కొంటే అమ్మిన రైతు ఖాతాలో జమ అవుతుంది. దేశంలో ఉన్న డబ్బులో ఎక్కువ భాగం ఇలా ఖాతాల్లో అంకెలుగానే ఉంది, నోట్లుగా ఉన్నది తక్కువ. ఆ అంకె వెనక ఉన్న బలం ఏమిటి? మనం తిరిగి కడతామనే నమ్మకం. నోటు వెనక గవర్నరు గారి సంతకం ఉన్నట్టే, మన అప్పు వెనక మన పది మంది సంతకాలు ఉన్నాయి.

డబ్బు ఎటు తిరుగుతుందనేది కూడా ముఖ్యం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారాయి మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993లో సారాయి నిషేధం వచ్చింది. ఆ తర్వాత ఆ జిల్లా ఆడవాళ్ళు రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు చేశారు. కూలి డబ్బులు పెద్దగా పెరగలేదు. కానీ సారాయి పాటదారుకు పోయే రూపాయి ఊళ్ళోనే ఉండి, ఇంకో ఆడమనిషికి అప్పుగా అందింది.

ఇక లెక్కకు వద్దాం. పావలా వడ్డీ అంటే ఏడాదికి 3 శాతం. రూపాయి వడ్డీ అంటే 12 శాతం. మూడు రూపాయల వడ్డీ అంటే 36 శాతం. సంఘం నిధి నుంచి ఒక సభ్యురాలు 10,000 రూపాయలు రూపాయి వడ్డీకి తీసుకుని, నెలకు వెయ్యి చొప్పున అసలు కడుతూ వచ్చిందనుకుందాం. మొదటి నెల వడ్డీ 100, రెండో నెల 90, అలా తగ్గుతూ పది నెలలకు మొత్తం వడ్డీ 550. అదే 10,000 బయట మూడు రూపాయలకు తెచ్చి నెలనెలా వడ్డీ మాత్రమే కడితే పది నెలలకు 3,000. అసలు 10,000 అలాగే ఉంటుంది. ఇంకొకటి కూడా గమనించండి. "12 శాతమే, కానీ ఫ్లాట్" అన్నారంటే, తగ్గిన అసలు మీద కాకుండా మొదటి మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. అప్పుడు 550 కాదు, 1,000 అవుతుంది.

సంఘంలో కట్టిన 550 ఎక్కడికి పోయింది? మన నిధిలోకే వచ్చింది. బయట కట్టిన 3,000 మళ్ళీ మన చేతికి రాదు.

ఇప్పుడు పంచుకోవడం మాట. పది మంది సంఘం, నిధి రెండు లక్షలు అనుకుందాం. పంచితే తలా 20,000. పండక్కో, ఫంక్షనుకో, ఇంటి రేకులకో అయిపోతుంది. కలిపి ఉంచితే, ఒక అక్కకు ఆపరేషనుకు 50,000 కావలసి వస్తే ఆ నెలలోనే ఇవ్వగలం. పైగా బ్యాంకు వాళ్ళు లింకేజీ లెక్క కట్టేటప్పుడు మన నిధి ఎంతుందో చూస్తారు. నిధి పంచేస్తే రేపటి లింకేజీ కూడా తగ్గుతుంది.

పంచుకుందాం అనేవాళ్ళను నేను తప్పు పట్టడం లేదు. వాళ్ళ బాధలు నిజమైనవి. "నిధి ఖాతాలో ఊరికే పడి ఉంది, మాకు అప్పు ఇవ్వరు" అంటారు. అది నిజమైతే సరిదిద్దాలి. పెద్ద బ్యాంకుల సేవింగ్స్ ఖాతాలో ఇవాళ మూడు శాతం వడ్డీ కూడా రావడం లేదు. మన డబ్బు అక్కడ పెట్టి, మనమే బయట 36 శాతానికి తెచ్చుకోవడం ఏం లెక్క? "బ్యాంకు వాళ్ళు పొదుపు ఖాతా మీద హోల్డ్ పెట్టారు" అంటారు. సంఘానికి 10 లక్షల లోపు అప్పుకు తాకట్టు అడగకూడదు, పొదుపు ఖాతా మీద హోల్డ్ పెట్టకూడదు అని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. లీడర్లు ఇద్దరూ వెళ్ళి, రాతపూర్వకంగా అడగండి. "పుస్తకంలో ఏముందో మాకు తెలియదు" అంటారు. ప్రతి సమావేశంలో చదివి వినిపించడం లీడరు పని, అడగడం సభ్యురాలి హక్కు. వయసు మీద పడి మానుకునే అక్క ఉంటే ఆమె వాటా లెక్క కట్టి గౌరవంగా ఇచ్చేయాలి. మిగతావాళ్ళకు కూడా కొంత చేతికి రావాలంటే వడ్డీ లాభంలో కొంత పంచుకోండి. అసలు నిధి కదపకండి.

చివరగా ఒక్క పని అడుగుతున్నాను. వచ్చే సమావేశంలో మూడు అంకెలు మినిట్స్ పుస్తకంలో రాయించండి. ఖాతాలో నిల్వ ఎంత, సభ్యుల దగ్గర అంతర్గత అప్పుగా తిరుగుతున్నది ఎంత, సభ్యులు బయట తెచ్చుకున్న అప్పు ఎంత వడ్డీకి ఎంత. మూడో అంకె చెప్పడానికి సిగ్గు పడకండి, మనలో చాలా మందికి అది ఉంది. ఆ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాక, పంచుకోవాలో తిప్పుకోవాలో మీరే తీర్మానం చేయండి. మా సంఘంలో మేము అలాగే చేయబోతున్నాం.