దోమ నేర్పిన పాఠం

(సంఘ వార్షిక జల్సాలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో సైన్సు చెప్పే పంతుళ్ళం. తెలుగులో ప్రసంగించడం మాకు కొత్త. తప్పులుంటే మన్నించగలరు.

జీవశాస్త్రమంటే ప్రాణమున్న వాటి సంగతి తెలుసుకొనే ఇల్మ్. తెలుసుకోవడానికి ఒక తరీఖా ఉంది. మా పుస్తకాల్లో ముషాహిదా, మఫ్రూజా, తజర్బా అంటారు. తెలుగులో పరిశీలన, పరికల్పన, ప్రయోగం. చూడాలి, ఊహించాలి, ఆ ఊహకు పరీక్ష పెట్టాలి. పరీక్షలో ఊహ తప్పితే దాన్ని వదులుకోవాలి. కష్టమైనది ఈ చివరిదే.

ఉదాహరణ కోసం విలాయత్ పోనక్కరలేదు, మన సికింద్రాబాదులోనే ఉంది. పూర్వం మలేరియా చెడు గాలివల్ల వస్తుందనుకొనేవారు. ఆ పేరుకు అర్థమే అది. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు రోగి రక్తంలో మలేరియా క్రిమిని చూశాడు. అది దోమద్వారా పాకుతుందని మాన్సన్ అనే డాక్టరు ఊహించాడు. ఆ ఊహకు పరీక్ష పెట్టినవాడు సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్. రెండేళ్ళపాటు వందలకొద్దీ దోమలను కోసి చూశాడు, ఏమీ కనబడలేదు. పంకా వేస్తే దోమ ముక్కలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చునేవాడు. చెమటకు ఖుర్ద్‌బీన్ మరలు తుప్పుపట్టాయి. తీరా చూస్తే, అన్నాళ్ళూ కోసినవి వేరే జాతి దోమలు! 1897 ఆగస్టులో రెక్కలమీద మచ్చలుండే దోమలు దొరికాయి. హుసేన్ ఖాన్ అనే రోగి కాటుకు ఒక అణా చొప్పున తీసుకొని వాటిచేత కుట్టించుకున్నాడు. ఆగస్టు 20న అట్టి దోమ కడుపు గోడలో రాస్‌కు మలేరియా క్రిమి కనబడింది. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియామీద పనిచేసి, కాటుద్వారానే అది పాకుతుందని రుజువు చేశాడు. మనుషుల విషయం అదే ఏడు ఇటలీ శాస్త్రజ్ఞులు తేల్చారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

పోయిన వానాకాలంలో మా ఏడో తరగతి పిల్లవాడొకడు, "సార్, నీళ్ళు పాతబడితే పురుగులు వాటంతటవే పుడతాయట, మా నానీ చెప్పింది" అన్నాడు. మేము కోప్పడలేదు. రెండు కుండల్లో నీళ్ళు పోయించి, ఒకదానికి పల్చటి బట్ట కట్టించాము. వారానికి మూతలేని కుండలో పురుగులు తిరిగాయి, బట్ట కట్టినదానిలో లేవు. మేము సంతోషించేలోపల వెనక బెంచీ అమ్మాయి లేచి, "సార్, ఒక కుండ చెట్టుకింద పెట్టారు, ఒకటి వరండాలో పెట్టారు. తేడా బట్టవల్లో, చోటువల్లో ఎట్లా తెలుస్తుంది?" అంది. నిజమే కదా! రెండూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చేయించాము. ఫలితం అదే. కానీ ఈసారి నమ్మడానికి ఆధారముంది. ఆ రోజు సైన్సు చెప్పింది ఆ అమ్మాయి, నేర్చుకున్నది మేము.

బళ్ళో ఇంత చెప్పే మేము ఇంట్లో ఏం చేశాము? మా చిన్నవాడికి రోజు విడిచి రోజు చలిజ్వరం వచ్చింది. ఒకరు నజర్ తగిలిందన్నారు, ఇంకొకరు మాత్రలిచ్చారు. జ్వరం దిగిన రోజల్లా తగ్గిపోయిందనుకున్నాము. ఎనిమిది రోజులట్లా గడిచాయి. వాడు లేవలేని స్థితికి వచ్చాక రక్తం చూపిస్తే మలేరియా అని తేలింది. అల్లా దయవల్ల మందు పనిచేసి బ్రతికాడు. "రోజు విడిచి రోజు" అన్న ముషాహిదా మా కళ్ళముందే ఉంది. పరీక్ష మాత్రం పెట్టలేదు. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా ఇంకో ఇంట్లో అట్లా జరగకూడదని చెబుతున్నాము.

తావీజు కట్టేవారిని మేము వద్దనము. దానికోసం రక్తపరీక్ష ఆపవద్దంటున్నాము. దోమగుడ్డు దోమ కావడానికి ఇంచుమించు వారం, పది రోజులు పడుతుంది. కనుక ప్రతి జుమ్మానాడు డ్రములు, తొట్లు, కూలర్లు ఖాళీచేసి, తోమి, ఆరబెట్టి మూతపెట్టండి. ఒక్క ఇల్లు చేస్తే చాలదు, దోమకు గోడలడ్డం కావు.

చివరగా సంఘంవారికి ఒక మనవి. ఒక నోటుబుక్కు పెట్టి ఏ గల్లీలో ఎన్ని జ్వరాలొచ్చాయో, ఎవరింట్లో నీళ్ళు పారబోస్తున్నారో వారంవారం రాయించండి. మా మాట నిజమో కాదో వచ్చే జల్సాలో ఆ బుక్కే చెబుతుంది. తప్పని తేలితే ఇదే వేదికమీద మేమే ఒప్పుకుంటాము.