కౌలు రైతుకు కాగితం



కాలువ నిండా నీరున్నా చివరి మడి ఎండితే అది మంచి పారుదల అవుతుందా? దేశ సంపద సంగతీ అంతే.

కౌలు రైతును చూడండి. దుక్కి అతనిది, అప్పు అతనిది. పాసుపుస్తకం మాత్రం ఆసామిది. అందుచేత బ్యాంకు రుణమూ, పంట నష్టపరిహారమూ తరచు అతనికి అందవు.

ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టంతో రుణ అర్హత కార్డులు వచ్చాయి. 2019 చట్టం 11 నెలల పంట సాగుదారు హక్కు పత్రం తెచ్చింది. దానికి ఆసామి సంతకం కావాలి. "సంతకం పెడితే పొలం పోతుందేమోనయ్యా" అని ఆసాములు నాతో అంటూంటారు. పోదండీ! ఆ హక్కు పంట మీదనే గాని భూమి మీద కాదు.

తోటి విస్తరణాధికారులారా, విత్తనం వేయకముందే ఇద్దరినీ ఒక అరుగు మీద కూర్చోబెట్టండి. చివరి మడికి నీరెక్కేది అప్పుడే.