లయ తప్పిన గుండె - మేత మార్పు పాఠం

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార తనిఖీ అధికారి చేసిన ప్రసంగ పాఠం)



మేము వైద్యులము కాము. సంఘాల పుస్తకాలు, నిల్వలు, పాల పరీక్ష రిజిస్టర్లు తనిఖీ చేయడం మా పని. అయినా ఈ రోజు వెన్న శాతం సంగతి పక్కన పెట్టి, గుండె లయ తప్పిన వారి భోజనం గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. ఇటువంటి సభ్యులు మేము వెళ్ళే సంఘాల్లో పలువురు కనిపిస్తున్నారు. వారికి మందు రాసేది వైద్యుడు. కంచంలో ఏమి వడ్డించాలో నిర్ణయించేది ఇల్లు. ఈ రెండింటికీ పొత్తు కుదరనిచోట ప్రమాదం వస్తున్నది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి గుండె విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు, సమాన వ్యవధిలో కొట్టుకుంటుంది. కొందరికి గుండె పై గదులు క్రమంగా ముడుచుకోవడం మాని అదురుతూ ఉంటాయి. నాడి పట్టి చూస్తే ఒక దెబ్బ ముందుగా, ఒక దెబ్బ ఆలస్యంగా పడుతుంది. దీనినే వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. వయస్సు, రక్తపోటు, మధుమేహం, అధిక బరువు, మద్యం, థైరాయిడ్ ఎక్కువ కావడం ఇందుకు కారణాలు. మన దేశంలో మరొక కారణం కూడా ఉన్నది. చిన్నతనంలో గొంతునొప్పి తరువాత కీళ్ళు వాచి జ్వరం వచ్చి, దానివల్ల గుండె కవాటం చెడిన వారికి నడివయస్సు రాకముందే లయ తప్పవచ్చు.

అసలు భయం దడ గురించి కాదు. అదిరే గదిలో రక్తం నిలిచి గడ్డ కడుతుంది. ఆ గడ్డ మెదడుకు పోతే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం లేనివారికంటే సుమారు 5 రెట్లు ఎక్కువ. అందుకే చాలామందికి రక్తం గడ్డ కట్టకుండా బిళ్ళలు ఇస్తారు. వాటిలో పాతది, కవాటం చెడినవారికీ, లోహపు కవాటం వేసినవారికీ నేటికీ ఇచ్చేది వార్ఫరిన్.

ఈ మందు పుట్టింది పశువుల కొట్టంలోనే. 1920ల తొలి సంవత్సరాల్లో కెనడాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ కొమ్ములు తీసిన చోట, చిన్న గాయమైన చోట రక్తం ఆగక పశువులు చనిపోసాగాయి. అక్కడ మేపే తీపి క్లోవర్ అనే గడ్డి మన లూసర్ను, బర్సీములకు దగ్గరి జాతి. పచ్చిగా ఉన్నప్పుడు, బాగా ఎండినప్పుడు దానితో చిక్కు లేదు. తడిసి బూజు పట్టిన ఎండుగడ్డిలోనే విషం పుడుతున్నదని పశువైద్యులు కనిపెట్టారు. 1933లో విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఒకరు చనిపోయిన పెయ్యనూ, గడ్డకట్టని రక్తం నింపిన పాల క్యానునూ బండిలో వేసుకొని మంచుతుఫానులో మాడిసన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. అక్కడ కార్ల్ పాల్ లింక్ బృందం ఆ పదార్థాన్ని 1939లో వేరు చేసింది. దాని నుంచి తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా వచ్చింది.

రక్తం గడ్డకట్టడానికి శరీరానికి విటమిన్ కె కావాలి. వార్ఫరిన్ ఆ విటమిన్ పనిని అడ్డుకుంటుంది. విటమిన్ కె ఎక్కువగా ఉండేది ఆకుకూరల్లో: పాలకూర, తోటకూర, మునగాకు, మెంతికూర, కొత్తిమీర మొదలైనవి. ఒక్కసారిగా ఆకుకూర పెంచితే మందు బలం తగ్గి గడ్డ కట్టవచ్చు. ఒక్కసారిగా మానేస్తే మందు బలం పెరిగి రక్తస్రావం కావచ్చు. ఎటు తూగినా ప్రమాదమే.

మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో రెండు గేదెలున్న సభ్యుడికి ఇటువంటిదే జరిగింది. వార్ఫరిన్ వాడుతున్నావు కనుక ఆకుకూర ముట్టవద్దని ఎవరో తెలిసినవారు చెప్పారు. ఆయన పూర్తిగా మానేశాడు. గేదెలు పితికే మరో మనిషి లేక మూడు నెలలు రక్తపరీక్షకు పట్నం పోలేదు. చిగుళ్ళ వెంట రక్తం వచ్చింది. భయపడి ఇంటివారు బిళ్ళ ఆపివేశారు. కొన్ని వారాలకు ఒక తెల్లవారుజామున పాలకేంద్రం వరుసలో నిలబడి ఉండగా కుడిచేయి పడిపోయింది, మాట ముద్దయింది. ప్రాణం దక్కింది గాని ఆ చేయి ఈనాటికీ పితకడానికి రాదు. ఆ కుటుంబం ఒక గేదెను అమ్ముకున్నది.

దీనిలో ఉన్న పాఠం మీకు కొత్త కాదు. పాడిగేదెకు మేత ఒక్కనాడే మార్చితే ఏమవుతుంది? పొట్ట చెడుతుంది, నెమరు తగ్గుతుంది, పాలు పడిపోతాయి. అందుకే కొత్త మేతను కొంచెం కొంచెంగా కలుపుతూ వారం పది రోజుల్లో అలవాటు చేస్తాము. వార్ఫరిన్ వాడే మనిషికీ అంతే. ఆకుకూర మానవద్దు, ముంచెత్తవద్దు. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే ప్రతివారం రెండుసార్లే, ఇంచుమించు అదే కొలతలో తినాలి. ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆచారం మంచిదే. కాని ఏడాదంతా తినక ఆ నెలలో రోజూ తినడం వీరికి పనికిరాదు. తిండి మారిస్తే వైద్యుడికి చెప్పి, పరీక్ష ముందుకు జరుపుకోవాలి.

ఆ పరీక్ష పేరు ఐ.ఎన్.ఆర్. కేంద్రంలో పాలు పరీక్షించకుండా చూపుతోనే వెన్న శాతం రాస్తే మీరు ఒప్పుకుంటారా? రక్తం సంగతీ చూపుతో తేలదు. లయ తప్పినవారిలో చాలామందికి ఆ అంకె 2కూ 3కూ మధ్య ఉండాలి. లోహపు కవాటం ఉన్న కొందరికి ఇంకొంత ఎక్కువ చెబుతారు. ఎవరి అంకె ఎంతో వారి వైద్యుడే చెప్పాలి.

ఇటీవల వచ్చిన డాబిగాట్రాన్, రివారోక్సాబాన్, ఎపిక్సాబాన్ మందులకు ఆకుకూరతో పేచీ లేదు. అయితే లయ జబ్బుకు ఇచ్చే రివారోక్సాబాన్‌ను భోజనంతో పాటే వేసుకోవాలి. ఉపవాసాలుండేవారు ఈ సంగతి వైద్యుడిని అడగాలి. పొరుగువారి మందు చూసి మన మందు మార్చుకోరాదు.

ఇక తగ్గించవలసినవి.

మొదటిది ఉప్పు. అది రక్తపోటును పెంచుతుంది, రక్తపోటు గుండె లయను చెడగొడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చెంచాడు కంటే తక్కువ. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, ఉప్పేసిన మజ్జిగ, అన్నీ ఈ చెంచాలోకే వస్తాయి. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కొన్ని రకాల గుండె మందులు వాడేవారు వైద్యుడిని అడగనిదే దానిని వాడరాదు.

రెండవది మద్యం. సారా అయినా, కల్లు అయినా, సీసా మద్యం అయినా లయను తప్పిస్తుంది. క్రమంగా తాగే అలవాటున్న 140 మంది రోగులతో ఆస్ట్రేలియాలో జరిపిన పరిశోధన 2020లో వెలువడింది. ఆరు నెలల్లో, మానవలసిందిగా చెప్పిన వర్గంలో 53 శాతం మందికి, మామూలుగా తాగిన వర్గంలో 73 శాతం మందికి లయ మళ్ళీ తప్పింది. ఒక్క మద్యం తగ్గితేనే ఇంత తేడా.

మూడవది బరువు పెంచే తిండి. ఇక్కడ మన సరుకు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. పాలు, పెరుగు, ఉప్పులేని పలుచని మజ్జిగ వీరికి సాధారణంగా అడ్డు కాదు. నెయ్యి, వెన్న, మీగడ, పాలకోవా మాత్రం కొలతలో ఉండాలి. నెయ్యి అమ్మే సమాఖ్య పత్రికలో ఈ మాట అచ్చయితే తప్పులేదు. సభ్యుడు బాగుంటేనే సంఘం బాగుంటుంది.

నాలుగవది చెప్పకుండా వాడే మందులు. ఒళ్ళునొప్పుల బిళ్ళలు వార్ఫరిన్‌తోనూ, కొత్త మందులతోనూ కలిస్తే రక్తస్రావం కలిగించవచ్చు. దగ్గుకు, గొంతుకు వాడే అతిమధురం ఎక్కువైతే ఒంట్లో పొటాషియం తగ్గి లయ మరింత చెడవచ్చు. నాటుమందు అయినా, దుకాణం మందు అయినా ముందుగా వైద్యుడికి చూపాలి.

కాఫీ, టీ సంగతి చాలామంది అడుగుతారు. మితంగా తాగితే చాలామందికి హాని లేదు. తాగగానే తనకు దడ వస్తున్నదని గమనించినవారు మానుకోవడం మంచిది.

చివరగా సంఘాలకు మా మనవి మూడు. ఒకటి, సభ్యుడు రక్తపరీక్షకు పట్నం వెళ్ళే రోజున ఆ ఇంటి పశువులను పక్కింటివారు పితికి పాలు కేంద్రంలో పోసే ఏర్పాటు చేయండి. తెలియని చేతికి గేదె చేపకపోవచ్చు కనుక ఆ పక్కింటి మనిషిని ముందునుంచే అలవాటు చేయండి. రెండు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందిని అడిగి పెద్దవయస్సు సభ్యులకు నాడి, రక్తపోటు చూపించండి. నాడి తేడాగా ఉంటే ఇ.సి.జి. తీయించాలి. మూడు, ముఖం ఒకపక్కకు వాలడం, చేయి పడిపోవడం, మాట ముద్దకావడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలని కేంద్రం గోడమీద రాయించండి. గడ్డను కరిగించే సూది సాధారణంగా నాలుగున్నర గంటల లోపే పనికివస్తుంది. రోగి ఏ బిళ్ళలు వాడుతున్నాడో ఆ చీటీ కూడా వెంట తీసుకుపోవాలి.

కూరలో ఆకు ఎంత వేశామన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని ఆ కొలత నిలకడగా ఉంటే, బిళ్ళ రోజూ పడితే, పరీక్ష వేళకు జరిగితే, పాలు పితికే చేతులు పాలు పితుకుతూనే ఉంటాయి.