తాళం లోపల, మనం బయట: దుర్గిలో పదిహేను నిమిషాలు

కారు తాళం లోపల పెట్టి డోర్ వేసేసుకోవడం చాలామందికి ఒక్కసారైనా జరిగే ఉంటుంది. తర్వాత అదొక నవ్వులాట కథ అయిపోతుంది. నాకూ జరిగింది గానీ, నేను దాన్ని నవ్వుతూ చెప్పలేను. కాస్త ఓపిగ్గా వినండి.

పోయిన వేసవిలో, మే నెలలో, దుర్గి వెళ్లాం. మాచర్ల దగ్గర దుర్గి అంటే మీకు తెలిసే ఉంటుంది, రాతి శిల్పాలకు పేరు. ఆ శిల్పాలకు జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. మా ఊళ్లో రావిచెట్టు కింద పెట్టడానికి ఒక నాగప్రతిమ చేయించాం, అది తెచ్చుకోవాలి. నేను, మా ఆవిడ, నాలుగేళ్ల మా మనవడు. దారిలోనే వాడు వెనక సీట్లో నిద్రపోయాడు. షెడ్డు ముందు కారు ఆపాను. విగ్రహం డిక్కీలో పెట్టడం ఎంతసేపులే, నిద్ర లేపడం ఎందుకు అనుకున్నాను. ఇంజను ఆపి, తాళం ముందు సీట్లో పడేసి దిగాను. ఫోనూ అక్కడే ఉంది.

మేము విగ్రహం చూసుకుంటున్నాం. ఈలోపు వీడు లేచాడు, ముందు సీట్లోకి వచ్చాడు, రిమోట్ చేతిలోకి తీసుకుని నొక్కాడు. టక్కుమని నాలుగు డోర్లూ పడ్డాయి. అక్కడున్న కుర్రాళ్లు నవ్వారు, నేనూ నవ్వాను. "నాన్నా, ఇంకో బటన్ నొక్కు" అన్నాను. వాడు మళ్లీ మళ్లీ అదే నొక్కుతున్నాడు. తర్వాత రిమోట్ సీటు కింద పడిపోయింది. ఏడుపు మొదలుపెట్టాడు.

ఇంకో తాళం ఎక్కడుంది? గుంటూరులో, ఇంట్లో, బీరువాలో.

ఎవరో ఫోన్ ఇస్తే మాచర్లలో మెకానిక్‌కి చేశాం. "అరగంటలో వస్తా" అన్నాడు. ఒక కుర్రాడు స్టీలు స్కేలు తెచ్చి అద్దానికీ రబ్బరుకీ మధ్య దూర్చాడు. పాత కార్లకు ఆ విద్య పనిచేసేది. ఇప్పటి కార్లలో లాక్ కడ్డీ ఆ స్కేలుకి అందదు, కొన్నింటికి కవర్లు కూడా ఉంటాయి. పది నిమిషాలు గడిచాయి. "అద్దం పగలగొడదాం" అని మా ఆవిడ అంటూనే ఉంది. నేనేమన్నానో తెలుసా? "ఉండు, మెకానిక్ వస్తున్నాడుగా, కొత్త కారు" అన్నాను. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అయినా చెప్పాలి, ఎందుకంటే రేపు మీ నోట కూడా ఆ మాటే వస్తుంది.

అప్పుడు వాడి ఏడుపు ఆగింది. ఊరుకున్నాడులే అనుకున్నాను. షెడ్డులో పనిచేసే పెద్దాయన ఉలి, సుత్తి పట్టుకుని వచ్చి, "ఏడిస్తే నయం అయ్యా. పిల్లోడు వాలిపోతన్నాడు చూడు. అద్దం ఎంతయితే అంతవుద్ది, జరుగు" అన్నాడు. నా జవాబు కోసం ఆగలేదు. పిల్లాడు ముందు సీట్లో ఉన్నాడు కాబట్టి అవతలి వైపు వెనక డోరుకి పోయాడు. అద్దం మూల మీద సన్న ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేశాడు. అద్దం పొడిపొడిగా రాలిపోయింది. చేతికి తువ్వాలు చుట్టుకుని లాక్ తీశాడు.

వాడి ఒళ్లు కాలిపోతోంది, చొక్కా తడిసి ముద్దయింది. షెడ్డు నీడలో పడుకోబెట్టి తడిగుడ్డతో తుడిచి, విసిరి, తెలివిలోకి వచ్చాక గుక్కగుక్కగా నీళ్లు పట్టించాం. వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. దక్కాడు. అద్దానికి నాకైంది రెండున్నర వేలు. ఆ రెండున్నర వేల కోసం పది నిమిషాలు ఆలోచించిన మనిషిని నేను.

పల్నాడు ఎండ సంగతి చెప్పక్కర్లేదు, పక్కనే రెంటచింతల ఉంది. కానీ అసలు సంగతి బయటి ఎండ ఒక్కటే కాదండి. అద్దంలోంచి ఎండ లోపలికి వస్తుంది, సీట్లూ డ్యాష్‌బోర్డూ వేడెక్కుతాయి, ఆ వేడి బయటికి పోలేదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వైద్యులు 2005లో కొలిచి చూశారు. బయట 22 నుంచి 35 డిగ్రీల మధ్య ఉన్న రోజుల్లో కూడా గంటలో కారు లోపల సగటున మరో 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. అద్దం కొంచెం దించి ఉంచినా పెద్ద తేడా లేదు. పైగా పిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. మెకానిక్ చెప్పిన "అరగంట" అంటే ఏంటో ఇప్పుడు ఆలోచించండి.

2025 ఏప్రిల్‌లో చేవెళ్ల దగ్గర దామరగిద్దలో ఇద్దరు చిన్నపిల్లలు ఇలాగే కారులో పోయారు. మే 18న విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు. ఆడుకోవడానికి వెళ్లిన పిల్లలు ఆగి ఉన్న కారెక్కారు, ఎవరూ చూడలేదు. మావాడు కనీసం మా కళ్ల ముందే ఉన్నాడు.

అందుకని నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి.

లోపల ఎవరూ లేకపోతే తొందరేం లేదు. మెకానిక్ వచ్చేదాకా ఆగండి, ఇంట్లో తాళం తెప్పించుకోండి. లోపల పిల్లలుగానీ, ముసలివాళ్లుగానీ ఉంటే మాత్రం లెక్కలు వద్దు. 112కి ఫోన్ చేయించండి, డోరు వెంటనే రాకపోతే అద్దం పగలగొట్టండి. పిల్లలకు దూరంగా ఉన్న పక్క డోరు అద్దం, మధ్యలో కాదు, మూల మీద, మొనదేలిన వస్తువుతో. ముందు అద్దం జోలికి పోవద్దు. అందులో రెండు పొరల మధ్య ప్లాస్టిక్ ఉంటుంది, పగిలినా విడిపోదు.

రెండోది, దిగేటప్పుడు తాళం జేబులో ఉండాలి. ఒక్క నిమిషమే అయినా సరే, పిల్లలూ మీతోనే దిగాలి.

మూడోది, ఇంటి ముందు ఆగి ఉన్న కారుకి ఎప్పుడూ లాక్ వేసి ఉంచండి. పిల్లలు కనపడకపోతే ముందు కారులో, డిక్కీలో వెతకండి.

నాలుగోది, పిల్లలకు హారన్ కొట్టడం నేర్పండి. చాలా కార్లలో తాళం లేకపోయినా హారన్ మోగుతుంది. వెనక డోర్లకు చైల్డ్ లాక్ ఉంటే లోపల్నించి రావు కాబట్టి, ముందు సీట్లోకి వచ్చి హ్యాండిల్ లాగడం కూడా చేయించి చూపించండి.

ఆ పెద్దాయనకు డబ్బులివ్వబోతే తీసుకోలేదు. "పగలకుండా కొట్టేదే నా పని, ఇయ్యాల పగలగొట్టినందుకు కూలేంది" అని నవ్వాడు. నాగప్రతిమ ఇప్పుడు మా రావిచెట్టు కింద ఉంది. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా ముందుగా జేబు తడుముకుంటాను, తాళం ఉందా అని.

ఇవాళ్టికి ఇదండి. ఈ ఎపిసోడ్ చూశాక ఒక్కసారి లేచి, మీ ఇంటి ముందున్న కారు లాక్ చేసి ఉందో లేదో చూసి రండి.